పెనుకొండ బాబయ్య చరిత్రము

హిందూపురమునుండి ధర్మవరమునకుఁ బోవు రైలుమార్గమున నడుమ నొక పెద్దకొండ కానవచ్చును. దాని పేరే పెనుకొండ, సంస్కృతమున ఘనగిరి. ఈ కొండను గుఱించి మన విద్యాధికుల నడిగినయెడల వారు బుక్కరాయల కుమారుఁడగు విరూపణ్ణ పాలనమున 1354 వ సంవత్సరమునఁ గోట కట్టఁబడుటయు, 1565 వ సంవత్సరమున రక్కసితంగడి యుద్ధము ముగిసిన పిమ్మట తిరుమలరాయలు విజయనగరమును విడిచి యిచ్చటికి వచ్చి రాజ్యమును నిలుపుకొనుటయు, గగనమహలును, ప్రక్కప్రక్కల నున్న రామేశ్వరుల యాలయములును జెప్పి మిక్కిలి గర్వింతురు. అదే కొండను గుఱించి మగ్గముకడఁ గూర్చుండిన ధర్మవరపు నేతగాని నడిగినను, హిందూపురపు సంతకు బెల్లము తెచ్చిన రైతు నడిగినను మొదట నోట వచ్చు పేరు రాయలది కాదు, బాబయ్యది. రాయల పేరు పుస్తకములలో నున్నది. బాబయ్య పేరు పిల్లలకుఁ బెట్టఁబడుచున్నది. బాబయ్య, ఫక్కీరప్ప, మస్తానమ్మ యను పేళ్లు గల హిందువుల యిండ్లు ఈ సీమలో నెన్ని యున్నవో మేము వ్యాజ్యపు కాగితములలోఁ జూచుచునే యున్నాము.

ఈ బాబయ్య యసలు పేరు బాబా ఫక్రుద్దీను. మహమ్మదీయులలో సూఫీలను విరక్తమార్గమునకుఁ జెందినవాఁడు. ఇట్టివాని చరిత్రమును బ్రహ్మసమాజపుఁ బత్రములోఁ బ్రకటించుట యేల యని మిత్రులు కొందఱు శంకింపవచ్చును. ఈ శంకకు సమాధానము మన సమాజచరిత్రమునందే కలదు. రాజా రామమోహనరాయలవారు 1828 వ సంవత్సరమున సమాజమును స్థాపించుటకు ఇంచుమించుగాఁ బాతికేండ్లకు ముందే ఏకేశ్వరారాధకుల కొఱకొక చిన్న గ్రంథమును పారసీకభాషలో రచించి, దానికి అరబ్బీలో పీఠిక కూర్చిరి. మహర్షి దేవేంద్రనాథఠాకూరుగారికి ఉపనిషత్తు లెంత ప్రియములో హాఫిజు కవిత్వమును అంత ప్రియము. కేశవచంద్రసేనుగారు గిరీశచంద్రసేనుగారికి మహమ్మదీయమతము నభ్యసించు పని నప్పగింపఁగా, ఆయన నలువది యేండ్లు దాఁటిన వయస్సున లక్నోకుఁ బోయి అరబ్బీ నేర్చి, 1881 మొదలు 1886 వఱకు శ్రమించి ఖురానును వంగభాషలోనికిఁ దెచ్చిరి; మఱియు మహమ్మదీయ యోగుల చరిత్రములను తాపసమాల యను పేరఁ బ్రకటించిరి. వంగదేశమున జరిగిన పని తెలుఁగుదేశమున జరుగుటకు నాటంక మేమున్నది? మన పొరుగూరి తాపసుని మన మెఱుఁగకుండుట మన లోపమే కాని యాతని లోపము కాదు.

బాబయ్య జన్మభూమి సీస్తాను. అది నేఁటి యిరాను, ఆఫ్గనిస్తాను దేశముల సరిహద్దున నున్న యెడారిప్రాయమగు సీమ. హెల్మందు నది పర్వతములనుండి దిగివచ్చి సముద్రమును జేరకయే యచ్చటి చెఱువులలోఁ గలిసిపోవును. వేసవిలో నూటయిరువది దినములు విడువక వీచు గాలి యచ్చట ప్రసిద్ధము. ఆ గాలితోఁ దిరుగలి త్రిప్పుకొను విద్యను ఆ జనులు వేయి సంవత్సరములకు ముందే యెఱుఁగుదురు. పారసీకుల యితిహాసమునందలి మహావీరుఁడగు రుస్తుము ఆ సీమవాఁడే. కంచరి పనిచేయు కుటుంబమునఁ బుట్టిన యాకూబను వాఁడు కత్తి పట్టి రాజై తొమ్మిదవ శతాబ్దమున నొక రాజవంశమును నిలిపినదియు నచ్చటనే. పిమ్మట 1003 వ సంవత్సరమున గజనీ మహమ్మదు దానిని జయించెను. ఇట్లది కత్తికిఁ బేరువడిన దేశము. బాబయ్య యా దేశమున కొక రాజనియు, రాజ్యమును దమ్మున కప్పగించి ఫకీరయ్యె ననియు సంప్రదాయము చెప్పుచున్నది.

రాజ్యమును విడిచినవారు మన దేశమునను గలరు. శుద్ధోదనుని కుమారుని కథ యెవ్వ రెఱుఁగరు? భర్తృహరి కథయు నట్టిదే. అయినను సీస్తాను రాజు కథలో మా మనస్సున కెక్కిన చిన్న విషయ మొకటి కలదు. ఆతఁడు రాత్రివేళ నెవ్వరికిని జెప్పక పోలేదు. తమ్ముని గద్దెమీఁదఁ గూర్చుండఁబెట్టి, భారమును భారముగా నప్పగించి, మఱి పోయెను. వైరాగ్యమను పేర నిల్లాలిని బిడ్డలను దిక్కులేనివారినిగాఁ జేసి కాషాయము కట్టువారిని మేము న్యాయస్థానములలో మనోవర్తి వ్యాజ్యములయందుఁ దఱచుగాఁ జూచియున్నాము. విడుచుట సులభము, అప్పగించి విడుచుట కష్టము. ఈ యొక్క పని చేతనే యీ పురుషునియందు మాకు మొదట గౌరవము కలిగినది.

రాజ్యము విడిచిన పిమ్మట నాతఁడు మక్కా మదీనాలకు యాత్ర చేసెను. మదీనాలో నుండఁగాఁ బ్రవక్త కలలోఁ గనఁబడి హిందూదేశమునకుఁ బొమ్మని యాజ్ఞాపించె నని భక్తులు చెప్పుదురు. కలలకు సాక్ష్య మేమియు నుండదు; కావున దానిని విచారింపము. ఆతఁడు దక్షిణమునకు వచ్చి తిరుచిరాపల్లిలో నత్తరుషా యను మహాగురువును జేరెను. ఈ నత్తరుషా కాలము 969 మొదలు 1039 వఱకని ఆర్నాల్డుగారు 1896 వ సంవత్సరమున నింగ్లీషునఁ బ్రకటించిన మహమ్మదీయమతవ్యాప్తి గ్రంథమునందు వ్రాసినారు. అరబ్బు, పారసీక, ఉత్తరహిందూ దేశములు తిరిగి కావేరీతీరమున నిలిచినవాఁ డాతఁడు. ఆతఁడును రాచబిడ్డయే యని ద్రావిడదేశమున వాడుక కలదు. రాజ్యము విడిచినవానికి రాజ్యము విడిచినవాఁడే గురువయ్యెను. కొంతకాలము శుశ్రూష చేసిన మీఁదట గురువు శిష్యునకు రెండువందలమంది ఫకీరులను తోడిచ్చి యుత్తరమునకుఁ బంపెను. పండ్లపుల్ల నొకదాని నిచ్చి, యది నాటిన చోట నెచ్చటఁ జిగిర్చునో యచ్చటనే నిలువు మని చెప్పెనఁట. దిగిన ప్రతి మజిలీలోను పుల్లను నాటి, తెల్లవాఱి చూచుకొని, మరల నడచుచు వచ్చి పెనుకొండలో నది చిగుర్చుటఁ గని ఫకీరు లాఁగిపోయిరి. వానలు తక్కువైన యీ కరవుసీమలో నెండుపుల్ల చిగుర్చుటను జను లెంతటి యద్భుతముగా భావింతురో యిచ్చటి రైతు నడిగినఁ దెలియును.

ఇచ్చట నొక మాట చెప్పవలసియున్నది. దక్షిణదేశపు మహమ్మదీయ సిద్ధులలోఁ బలువురు వీరులుగాఁ బూజింపఁబడుచున్నారు. రామనాథపురసీమలో ఏర్వాడియందు సమాధి గల సయ్యదు ఇబ్రాహీము సేనతో వచ్చి పాండ్యరాజ్యమునఁ బోరాడి కూలినవాఁ డని ప్రతీతి. అందుచేతనే యాతనికి షహీదను బిరుదు. గుఱ్ఱమెక్కి కత్తి పట్టిన పీరును మన పల్లెజనము వీరభద్రునివలె, మైలారునివలె భావించి మ్రొక్కుదురు. బాబయ్యను సయితము పాటలు పాడువారు కొందఱు కత్తియుఁ గవచమును దొడిగి నిలువఁబెట్టుదురు. కాని యాతని కథను మొదటినుండి తుదవఱకు శోధించినను యుద్ధ మొక్కటియుఁ గనఁబడదు. కత్తి గల దేశమునఁ బుట్టి, కత్తి పట్టు హక్కు గలిగి, దానిని దమ్ముని చేతఁ బెట్టి వచ్చినవాఁ డాతఁడు. ఆ తట్టునుండియే గజనీ మహమ్మదు సోమనాథముమీఁదికి సేనల నడిపెను. గోరీ మహమ్మదు 1192 వ సంవత్సరమున తరాయి యుద్ధమున గెలిచెను. హిందూదేశమునకు మహమ్మదీయమతము కత్తితోడనే వచ్చిన దని వాదించువారు ఆ రెండు పేళ్లనే పదేపదే చెప్పుదురు. భిక్షాపాత్రతో వచ్చిన యీ మూఁడవవానిని లెక్కలోఁ జేర్పకున్నచో లెక్క తప్పును.

పెనుకొండలో ఫకీరులు దిగిన చోటు ఒక దేవాలయపుఁ బ్రక్క. రెండువందలమంది పరదేశులు, వేఱు భాష, వేఱు వేషము, వేఱు ప్రార్థన. ఊరివారి కది కంటగింపయ్యెను. ఊరి రాజునకును వారి రాక యిష్టము లేకపోయెను. అయినను రాజు వారిని బలిమిచేఁ దఱిమివేయలేదు. కథ చెప్పువారు ఈ సంగతి నొక్క వాక్యములో దాఁటిపోవుదురు. మాకుఁ జూడ నిదియే కథలో నెల్ల గొప్ప సంగతి. సైనికులున్న రాజు, సైనికులు లేని భిక్షుకులు. ఒక గడియలో ముగియఁదగిన పనిని రాజు విచారణకుఁ బెట్టెను. పేరైనను మిగులని యా హిందూరాజు కథలోఁ బాబయ్యతో సమానుఁడగు సత్పురుషుఁడు.

విచారణ యెట్లు జరిగినదో యీ సీమలోఁ జిన్నపిల్లలకును దెలియును. తన గురువునకును ఫకీరునకును రాజు పలు పరీక్షలు పెట్టి, తుదకు ఇరువురను సున్నము నింపిన గోనెసంచులలోఁ గట్టించి చెఱువులలోఁ బడవేయించెనఁట. హిందూగురువు మరలఁ దేలలేదు. బాబయ్య యూరి వెలుపలి కొండమీఁదఁ గనఁబడెను. రాజు మహమ్మదీయుఁ డయ్యెను, జనులు పెక్కండ్రు ఆతని వెంబడించిరి, దేవాలయము మసీదయ్యెను.

మేము వృత్తిచే న్యాయవాదులము. కావున నీ కథను వృత్తిరీతినే చూతుము. మన ధర్మశాస్త్రములలో దివ్యములు కలవు. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని యాజ్ఞవల్క్యుఁ డైదింటిని జెప్పెను. జలదివ్యమున మనుష్యుఁడు మునిఁగియుండఁగా విడిచిన బాణమును పరుగువాఁడు తెచ్చువఱకు నీటిలో నిలిచినచో శుద్ధుఁడు. మనుష్యుఁడు సాధింపఁదగిన పరీక్ష యది. సున్నము నీటఁ బడిన నుడుకెత్తును. సంచిలోఁ గట్టఁబడినవానికి గతి యేమి? శాస్త్రము లెఱుఁగని యిట్టి దివ్యమును రాజు పెట్టెననుట నమ్మఁదగినది కాదు. అంతేకాదు, సాక్ష్యమంతయు గెలిచిన పక్షమువారిదే. ఓడినవాఁడు చెఱువులో నున్నాఁడు. ఆతని పేరు లేదు, ఆతని మాట లేదు, ఆతని భార్య యేడ్చెనో లేదో కథ చెప్పదు. దీనిని మా భాషలో ఏకపక్షపుఁ దీర్పందురు. ప్రాణికోటియందు దయ చూపవలె నని రాజ్యమునే విడిచినవాఁడు ఒక బ్రాహ్మణుని ప్రాణమును పందెముగా నొడ్డి గుడి గెలుచుకొనెనని నమ్ముట బాబయ్యకు భక్తి కాదు, నింద. ఆతని ఘనతకై చెప్పఁబడిన యీ కథ యాతని కెట్టి హీనతను దెచ్చుచున్నదో భక్తు లాలోచింపకుండుట చిత్రము. అద్భుతములతో మతములకుఁ బ్రామాణ్యము కట్టుటను రామమోహనరాయలవారు ఆ పారసీక గ్రంథమునందే ఖండించియున్నారు. మేము క్రొత్తగాఁ జేయుచున్న సాహస మేమియు లేదు.

ఈ కథ మహమ్మదీయులు కల్పించిన విపరీత మని కోపింపఁబోవు హిందూసోదరులకు నొక మనవి. ఈ యంగి మన యింటిదే. ద్రావిడశైవులు తిరునావుక్కరసునిఁ గుఱించి చెప్పు కథ యేమి? జైనుల ప్రేరణచేఁ బల్లవరాజు ఆయనను సున్నపుబట్టిలో వేయించెను, ఱాతికిఁ గట్టి సముద్రమునఁ బడవేయించెను. ఆయన రెంటను జావలేదు. సున్నమును నీరును రెండును అందున్నవి. తిరుజ్ఞానసంబంధుఁడు మధురలో జైనులతో నిప్పునందును నీటియందును పందెమాడి గెలిచెననియు, ఓడినవారు కొఱ్ఱు లెక్కింపఁబడి రనియు ఆ శైవులే చెప్పుకొందురు. మన పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమునఁ జేర్చిన యేకాంతరామయ్య తన తల దాను గోసికొని మరలఁ దెచ్చికొని జైనులను గెలిచెను. కన్నడదేశమున అబ్బలూరి శాసనము సైత మా కథనే చెప్పుచున్నది. పెనుకొండయో జైనులకుఁ బూర్వమొక గొప్ప విద్యాస్థానము. పార్శ్వనాథుని యాలయ మిప్పటికిని అచ్చట నున్నది. ఒక మతము వచ్చి వేఱొక మతము ప్రక్క నిలిచినప్పుడెల్ల నీ దేశపుఁ గథకు లొకే కథను చెప్పిరి. పేళ్లు మాత్రము మార్చిరి. జైనునకు శైవుఁడు చేసినది శైవునకు ఫకీరు చేసెనని చెప్పుట కథకుని యలవాటు. దానిలోఁ బగ సాధింపవలసిన దేమున్నది?

గుడి మసీదైన మాటను గుఱించి మాత్రము కొందఱు యువకులు మమ్ము గట్టిగా నడుగుచుందురు. మా యుత్తరము క్లుప్తము. కథలో మునిఁగిపోయిన గురువును నమ్మనివారము ఆ కథలోని గుడిని మాత్రమే నమ్ముట తగదు. చట్టము సంగతి యందురా, 1991 వ సంవత్సరపుఁ బ్రార్థనాస్థలముల చట్టము 1947 ఆగస్టు 15 వ తేదీన నున్న స్వభావమునే ప్రార్థనాస్థలములకు నిలిపినది. ఱాళ్ల పూర్వజన్మలను విచారింపఁబూనినయెడల పెనుకొండలో నేయొక్క స్తంభమును స్థిరముగా నిలువదు.

బాబయ్య నిజముగా మిగిల్చిపోయినది ఱాళ్లు కావు, మనుష్యులు. తెలుఁగుదేశమున దూదేకులవా రను మహమ్మదీయులు కలరు. వారినే పింజారు లనియు నూర్‌బాషా లనియు నందురు. తమ పూర్వులు బాబయ్య బోధచే నీ మతమునఁ జేరి రని వారిలోఁ బరంపరగాఁ జెప్పుకొనుచు, ఆ సమాధిని దమ యాదిగురువు స్థానముగాఁ గొలుచుచున్నారు. ప్రత్తిలో గింజ తీసిన పిదప దూది ముద్దలు ముద్దలుగా నుండును. నిలువెడు వింటిని పైనుండి వ్రేలాడఁగట్టి, నారిని దూదిలోఁ దగిలించి కొయ్యతోఁ గొట్టఁగా నది పొగమంచువలె విడిపోవును. దానిని ఏకులుగాఁ జుట్టి యిచ్చినఁగాని యే కులపు స్త్రీయును రాట్నము త్రిప్పలేదు, ఏ మగ్గమును ఆడలేదు. బ్రాహ్మణుని ధోవతియు దూదేకులవాని వింటిక్రిందనుండి రావలసినదే. ముతకబట్టలు నేయుటయు వారి పనియే. ఇట్టి పనివారు గ్రామమున నందఱకును గావలసినవారు. అయినను ఎవ్వరికిని గావలసినవారు కారు. మాతృభాష తెలుఁగు, పేళ్లలో సగము హిందువులవి, పెండ్లిలోఁ జాలచోట్లఁ దాళి కలదు, నికాహు కలదు. దీనిచేత పట్టణపు షేకులు సయ్యదులు వారిని దక్కువవారినిగాఁ జూచి పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు. హిందువులు మహమ్మదీయులని దూరముంచుదురు. సామెతలలో నందఱును వారిని పరిహసింతురు. ఏకేశ్వరుని యెదుట నందఱును సమానులని చెప్పిన గురువు చేతఁ బిలువఁబడి వచ్చినవారు, వచ్చిన యింటిలోను వాకిటనే నిలువవలసినవారైరి. కులమును విడిచి మతము మాఱినను కులము మనుష్యుని విడువక వెంటవచ్చుట మన దేశపు శాపము. క్రైస్తవులలో దీనిని జూచినాము, మన సమాజమునఁ బేరు వ్రాయించుకొని పెండ్లివేళ మరల గోత్ర మడుగువారియందును జూచుచున్నాము.

ప్రత్తి మిల్లులు వచ్చిన పిదప విల్లు మూలఁబడినది. పరుపులు కుట్టుట, చిల్లరవ్యాపారము, సేద్యము వారి జీవనము లయినవి. ఆంధ్రప్రదేశమున వెనుకఁబడిన తరగతులలో వారు చేర్పఁబడిరి. చదువుకొన్న యువకులు కొందఱు కులము పేరు చెప్పుటకు సిగ్గుపడుచున్నారు. చేసిన పని యందఱి యొడలును గప్పినది కాఁగా సిగ్గెందులకో మాకు బోధపడదు.

సమాధికడ జరుగు వ్యవహారములను గుఱించియు మౌనముగా నుండఁజాలము. ఏటేట నురుసు జరుగును. గంధము, చాదరు, దీపములు, ఫాతిహాలు; హిందూపురమునుండియు ధర్మవరమునుండియు కర్ణాటకమునుండియు మహమ్మదీయులతో పాటు హిందువులును వత్తురు. బిడ్డ కావలె నని, రోగము పోవలె నని, వ్యాజ్యము గెలువవలె నని మ్రొక్కుకొందురు. వ్యాజ్యముల మ్రొక్కులను గుఱించి మాకుఁ గొంత తెలియును: రెండు పక్షములవారును ఒకే సమాధికి మ్రొక్కుకొని వత్తురు! పరమేశ్వరునకును మనుష్యునకును నడుమ మధ్యవర్తి యక్కఱలేదని నమ్మువారము గావున మేము దీని నంగీకరింపము. తిరుపతికొండను గుఱించియు మే మిట్లే చెప్పుదుము. సమాధులకు మ్రొక్కుట మహమ్మదీయులలోని సంస్కర్తలును నిరసించుచునే యున్నారు. కాని యొక భేదమును దాఁచిపెట్టఁగూడదు. నేలపైఁ గూర్చుండిన యా జనములో ఎవ్వని కులమును నెవ్వఁడు నడుగఁడు. అనంతపురము జిల్లాలోని గూగూడున కుళ్లాయిస్వామి పీరులు నిలుపు మొహరమునకు లక్షలాది హిందువులు పోవుట యెల్లరకుఁ దెలిసినదే. మేము నెలకొకసారి సమాజమందిరమున జరుపు ప్రార్థనకు వచ్చినవారిని లెక్కింప రెండు చేతుల వ్రేళ్లు చాలును, వచ్చినవారందఱును చదువరులు. సాలెవాఁడు, గొల్లవాఁడు, దూదేకులవాఁడు, కోమటి యొక్కచోటఁ గూర్చుండునట్లు చేయుట మాకింకను జేతఁగాలేదు.

పెనుకొండ రాజులు చంద్రగిరికిఁ దరలిపోయిరి. బిజాపురమువారు, మరాటాలు, హైదరు, టిప్పు, నిజాము ఒకరి వెనుక నొకరు వచ్చిరి. 1800 వ సంవత్సరమున సీమ కుంఫిణీవారి పాలయి మన్రోగారి కచ్చేరీ క్రిందికి వచ్చెను. 1882 లో అనంతపురము జిల్లా యేర్పడెను, 2022 లో పెనుకొండ, హిందూపురము, ధర్మవరము శ్రీసత్యసాయి జిల్లాలోఁ జేరెను. దర్గా మాత్రము కదలలేదు.

దూదేకులవారినుండి వచ్చిన మఱొక పురుషుని పేరు చెప్పక యీ కథను విడువఁజాలము. కందిమల్లయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మముగారు బోధించుచుండఁగా ముడుమాలకుఁ జెందిన యొక దూదేకుల బాలుఁడు తలిదండ్రుల మాట గాదని వచ్చి యాయనకు శిష్యుఁడయ్యెను. ఆతఁడే సిద్ధయ్య. కొడుకును దప్పుదారి పట్టించె నని తండ్రి నవాబు నెదుట మొఱపెట్టుకొనుటయు, గురుశిష్యులు విచారణకుఁ బిలువఁబడుటయు కడపసీమలో నెల్లరు చెప్పుకొందురు. అక్కడను పరీక్షలు, అక్కడను అద్భుతములు. పారసీకదేశపు రాజు మాట విని యొకప్పుడు మతము మార్చుకొన్న కులమున, వడ్రంగి కమ్మరి కులపు గురువు మాట విన్న బిడ్డ పుట్టెను. శిష్యులందఱిలోను గురువు మెచ్చినవాఁడు సిద్ధయ్యయే. ఆతని సమాధి ముడుమాలలో నున్నది.